చీకటి పడ్డాక ఎంత కావాలి?

సూరత్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. సిరిసిల్ల నుంచి ముప్ఫయ్యేళ్ల కిందట వెళ్లి, సాంచాల మీద పనిచేసి, లింబాయత్‌లో సొంతంగా రెండంతస్తుల ఇల్లు వేసుకున్న మనిషి. ఇప్పుడు డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకున్నాడు. దాకా వస్తే అసలు సంగతి బ్యాటరీ దగ్గర ఆగింది. ‘‘తమ్మీ, రాత్రంత సోలార్ మీదనె నడుస్తదట. పది యూనిట్ల బ్యాటరీ పెట్టుమంటున్నడు. ఒక్క బ్యాటరీకే రెండు లక్షలైతదట. పెట్టాల్నా?’’

ఆయన తొందరకు కారణముంది. పెద్దనాన్నకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టుకుని పడుకుంటారు. మొన్న ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి రెండున్నర గంటలు రాలేదు. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ అరగంటకే కూత పెట్టి ఆగిపోయింది. పక్కింటి వాళ్ల బండి మీద వెళ్లి సిలిండర్ తెచ్చేసరికి అందరి ప్రాణాలూ గుప్పిట్లోకి వచ్చాయి. అలాంటి రాత్రి గడిపిన వాడికి పది యూనిట్లేం ఖర్మ, ఇరవై అని చెప్పినా తక్కువగానే అనిపిస్తుంది.

అయితే భయం కొలబద్ద కాదు. ఇంటి బ్యాటరీ ఎంపికలో చాలామంది చేసే పొరపాటు ఒకటే: రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపి ఒకటిగా అడగడం. రాత్రి వాడే కరెంటుకు బిల్లు ఎలా తగ్గించుకోవాలన్నది మొదటిది. రాత్రి కరెంటు పోతే ఏం చేయాలన్నది రెండోది. మొదటిదానికి సూరత్‌లో బ్యాటరీతో పని లేదు. రెండోదానికి బ్యాటరీ తప్పదు, కానీ అమ్మేవాడు చెప్పినంతది అక్కర్లేదు.

బిల్లు సంగతి ముందు చూద్దాం. గుజరాత్ ఇళ్లపై సోలార్‌లో దేశంలోనే ముందున్న రాష్ట్రం. 2019లోనే సూర్య గుజరాత్ పథకం తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం రూ. 75,021 కోట్లతో ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకాన్ని ఆమోదించాక జోరు ఇంకా పెరిగింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడో కిలోవాట్‌కు రూ. 18,000 చొప్పున రాయితీ. మూడు కిలోవాట్లకు మొత్తం రూ. 78,000. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టుకున్నా రాయితీ అక్కడే ఆగుతుంది. ఇదంతా గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్ల లెక్క. బ్యాటరీ కొన్నారని అదనంగా పైసా రాదు.

గ్రిడ్‌కు కలిపిన ఇంట్లో నెట్ మీటర్ పెడతారు. పగలు మీరు వాడుకోగా మిగిలిన యూనిట్లు బయటికి పోతాయి. రాత్రి కావాల్సినవి లోపలికి వస్తాయి. బిల్లులో ఒకదానికొకటి చెల్లు. అంటే పగటి కరెంటును రాత్రి దాకా దాచిపెట్టే పని గ్రిడ్డే చేస్తోంది, అద్దె లేకుండా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఇళ్లకు నెట్ మీటరింగ్ ఉంది.

అన్న ఇంటికి ఈ లెక్క వేస్తే ఇలా తేలింది. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. నెలకు 360. ఇంటి వాడకం 270. చెల్లు పోగా 90 మిగులు. బిల్లు కాలం ముగిశాక మిగిలిన యూనిట్లకు సూర్య గుజరాత్ కింద నిర్ణయించిన ధర యూనిట్‌కు రూ. 2.25. అంటే నెలకు రెండు వందల రూపాయలు ఎదురు జమ. రాత్రి ఏసీ వేసినా, వేయకపోయినా వాడిన కరెంటు ఖరీదు అప్పటికే సున్నా. ఇక పది యూనిట్ల బ్యాటరీ పెట్టి ఆదా చేసేది దేన్ని?

పైగా బ్యాటరీలో దాచిన యూనిట్ ఉచితం కాదు. రెండు లక్షలు పెట్టి కొన్న పది యూనిట్ల లిథియం బ్యాటరీ, పదేళ్లపాటు రోజూ రాత్రి పనిచేసిందనుకుందాం. పూర్తిగా ఖాళీ చేయకూడదు గనుక, మధ్యలో కొంత నష్టం ఉంటుంది గనుక, ఏటేటా శక్తి తగ్గుతుంది గనుక సగటున రాత్రికి ఏడున్నర యూనిట్లు చేతికొస్తాయి. పదేళ్లకు సుమారు 27,000 యూనిట్లు. యూనిట్‌కు రూ. 7 పైనే. గ్రిడ్ ఉచితంగా దాచిపెట్టే సరుకుకు ఏడు రూపాయల గిడ్డంగి ఖర్చన్నమాట.

ఇంకో తిరకాసు ఉంది. పది యూనిట్ల బ్యాటరీ నిండాలి కదా. రోజుకు వచ్చే 12 యూనిట్లలో పగలు ఇంట్లో ఖర్చయ్యేది నాలుగు. మిగిలేది ఎనిమిది. అన్నది వారం పగటి పాళీ, వారం రాత్రి పాళీ. పన్నెండు గంటల పాళీ దిగి ఉదయం ఇంటికొచ్చి పడుకునే వారంలో ఫ్యాన్, ఒక్కోసారి ఏసీ, పగలే తిరుగుతాయి. ఆ వారం మిగులు ఇంకా తగ్గుతుంది. సాంచాల మీద బతికే ఇంటికి చీకటి పడ్డాకే రాత్రి మొదలవుతుందన్న రూలేమీ లేదు. సూర్యుడున్నప్పుడే నిద్రపోయే మనిషికి బ్యాటరీ ఎందుకు?

మరి వానాకాలమో అంటారా? జూలై, ఆగస్టుల్లో సూరత్ మబ్బు కింద ఉంటుంది. దట్టమైన మబ్బు రోజు దిగుబడి పావు వంతుకు పడిపోవచ్చు. ఇంటి బ్యాటరీ పగటిని రాత్రికి మోస్తుంది. మే నెలను జూలైకి మోయలేదు. గ్రిడ్‌తో సంబంధం లేకుండా బతకాలంటే రెండు మూడు రోజుల మబ్బుకు సరిపడా, అంటే పాతిక ముప్ఫై యూనిట్ల బ్యాటరీ కావాలి. లైను లేని కొండ ఊరికి అది అవసరం. లింబాయత్‌కు కాదు.

బ్యాటరీ నిజంగా రాత్రి పని కోసమే పెట్టిన చోట్ల లెక్క ఎలా ఉందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. సూరత్‌లోనే అల్థాన్ బస్ స్టేషన్ ఉంది. నగరపాలక సంస్థ జర్మనీ సంస్థ జీఐజడ్‌తో కలిసి 2025లో అక్కడ సుమారు రూ. 1.60 కోట్లతో 100 కిలోవాట్ల ప్యానెళ్లు, 224 యూనిట్ల బ్యాటరీ పెట్టింది. వాహనాల్లో ఒక జీవితం గడిపిన బ్యాటరీలను తెచ్చి ఇక్కడ రెండో జీవితం ఇచ్చారు. పగలు నింపిన కరెంటు రాత్రి విద్యుత్ బస్సుల్లోకి వెళ్తుంది. ఏడాదికి లక్ష యూనిట్లు వస్తాయని అంచనా. రోజుకు 274. బ్యాటరీ అంతకంటే కాస్త తక్కువ. అంటే ఒక సగటు రోజు దిగుబడికి మించి కట్టలేదు.

ఉత్తర గుజరాత్‌లో సూర్య దేవాలయమున్న మొఢేరాది మరో లెక్క. 2022 అక్టోబరులో దాన్ని రాత్రీ పగలూ సోలార్‌తో నడిచే దేశంలోని తొలి గ్రామంగా ప్రకటించారు. ఇళ్ల మీద 1,300కు పైగా ఒక కిలోవాట్ ప్యానెళ్లు, ఊరికి కొద్ది దూరంలో సుజ్జన్‌పురాలో ఆరు మెగావాట్ల ప్లాంటు, దాని పక్కన 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ. అక్కడ ఇంటింటికీ బ్యాటరీ పెట్టలేదు. ఊరందరి రాత్రికి కలిపి ఒక్కచోట పెట్టారు. రెండు చోట్లా బ్యాటరీ ప్యానెళ్ల శక్తికి రెండు, రెండున్నర గంటలంత ఉంది. ఆ నిష్పత్తి మూడు కిలోవాట్ల ఇంటికి వర్తింపజేసినా ఏడు యూనిట్లే వస్తుంది, పది కాదు. అదీ రాత్రంతా దానిమీదే బతకాలనుకుంటే.

ఇక రెండో ప్రశ్న. కరెంటు పోయిన రాత్రి సంగతి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం నెత్తిన సూర్యుడుండగా కూడా. లైను మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది. డాబా మీద ప్యానెళ్లున్నాయి కదా అని ధైర్యంగా ఉన్నవాళ్లు, మొదటిసారి కరెంటు పోయినప్పుడు బిత్తరపోయేది ఇందుకే. కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలి. ఆర్డరిచ్చే ముందే ఇది తేల్చుకోవాలి. తర్వాత మార్చాలంటే ఇన్వర్టర్ ఖర్చు రెండుసార్లు.

ఎంత బ్యాటరీ? ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్నవన్నీ కాదు, కరెంటు పోయినప్పుడు ఆగకూడనివి మాత్రమే రాయండి. అన్నచేత ఫోన్లోనే రాయించాను.

మొదట పెద్దనాన్న కాన్సన్‌ట్రేటర్. అయిదు లీటర్ల యంత్రం, వెనక రేకు మీద 350 వాట్లని ఉంది. తర్వాత రెండు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. మూడు ఎల్‌ఈడీ ట్యూబులు, 60 వాట్లు. వై-ఫై, ఫోన్ల చార్జింగ్ 20. మొత్తం 580 వాట్లు. ఫ్రిజ్ రాయబోతే వద్దన్నాను. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు అది తన చల్లదనంతోనే నెట్టుకొస్తుంది. ఏసీ దగ్గర వదిన గొంతు వెనకనుంచి వినిపించింది. ఒక్క ఏసీ రాత్రికి ఆరేడు యూనిట్లు తింటుందని, అమ్మేవాడు చెప్పిన పది యూనిట్లలో పెద్ద వాటా దానిదేనని చెప్పాక ఆమే కొట్టేయమంది. కరెంటు లేని రాత్రి కిటికీ తెరుచుకుంటే గడిచిపోతుంది. కాన్సన్‌ట్రేటర్ ఆగితే గడవదు.

580 వాట్లు నాలుగు గంటలకు 2.3 యూనిట్లు. ఇక్కడే ఇంకో చిట్కా. ఆ రెండు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే మొత్తం 490కి దిగుతుంది. తగ్గిన 90 వాట్లు ఒక రాత్రి ఎనిమిది గంటలకు ముప్పావు యూనిట్. బ్యాటరీలో ముప్పావు యూనిట్ అదనంగా కొనడం కంటే రెండు ఫ్యాన్లు మార్చడం చవక. పైగా ఫ్యాన్ ఆదా కరెంటు ఉన్న రోజు కూడా ఆదానే.

నాలుగు గంటలు చాలా అంటే, సూరత్‌లో మామూలు రోజులకు ఎక్కువే. కానీ ఊపిరి సంగతి గనుక రాత్రంతా, ఎనిమిది గంటలు పట్టుకున్నాం. 490 వాట్లు, ఎనిమిది గంటలు: 3.9 యూనిట్లు. ఇది మనకు చేతికి కావాల్సింది. బ్యాటరీ మీద రాసి ఉండేది వేరు.

సీసం, యాసిడ్‌తో చేసే ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది. ఇన్వర్టర్‌లో పోయేది పోగా, రాసిన దానిలో 42 శాతం వాడుకోవచ్చనుకోండి. 3.9 యూనిట్లకు 9.3 యూనిట్ల బ్యాటరీలు కావాలి. మన ఇళ్లలో కనిపించే 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అలాంటివి అయిదు దాటి కావాలి, జతల లెక్కన ఆరు. పైగా ఆ 150 అనేది సాధారణంగా ఇరవై గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే అంకె. వేగంగా లాగితే అంత ఇవ్వదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 90 శాతం దాకా వాడొచ్చు. నష్టాలు పోగా 80 శాతం చేతికొస్తుంది. 3.9 యూనిట్లకు 4.9 యూనిట్ల బ్యాటరీ. మార్కెట్‌లో మామూలుగా దొరికే 51.2 వోల్టులు, 100 ఏహెచ్ పెట్టెలో ఉండేది 5.12 యూనిట్లు. సరిగ్గా సరిపోయింది. ఏళ్లు గడిచి దాని శక్తి అయిదో వంతు తగ్గినా ఆరున్నర గంటలు లాగుతుంది. ట్యూబులర్ వెయ్యి, పదిహేను వందల సార్లు నింపి ఖాళీ చేస్తే ముసలిదవుతుంది. ఇది కొన్ని వేల సార్లు తట్టుకుంటుంది. మొదట పెట్టే డబ్బు ఎక్కువైనా దీనికే మొగ్గడంలో అర్థముంది.

అలా రెండు పెట్టెల కొటేషన్ ఒక పెట్టెకు దిగింది. లక్ష మిగిలింది. తెల్లారాక కూడా కరెంటు రాకపోతే, ఎండ కాస్తే డాబా మీది ప్యానెళ్లు రెండు మూడు గంటల్లో దాన్ని మళ్లీ నింపుతాయి. మబ్బు రోజైతే మూడు యూనిట్లే రావచ్చు. రెండో రాత్రికి అది చాలదు. కాబట్టి మిగిలిన లక్షలోంచి మొదటి ఖర్చు ఒక నిండు ఆక్సిజన్ సిలిండర్, దాని రెగ్యులేటర్. ప్రాణాధారమైన యంత్రమున్న ఇంట్లో ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా, కరెంటుతో పనిలేని ఆసరా ఒకటి పక్కన ఉండాల్సిందే.

అంకెలు కుదిరాక చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బ్యాటరీ నీళ్ల ట్యాంకు లాంటిదైతే ఇన్వర్టర్ దాని కుళాయి. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా ఉంటే ధార రాదు. కాన్సన్‌ట్రేటర్‌లో కంప్రెసర్ ఉంటుంది. మొదలయ్యే క్షణంలో అది రాసిన వాట్లకు రెండు మూడు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ అది తట్టుకోవాలి, ప్యూర్ సైన్‌వేవ్‌ది కావాలి. ముఖ్యమైన వాటికి వేరే వైరింగ్ లాగించి బ్యాటరీని వాటికే కలపాలి. లేకపోతే కరెంటు పోయిన సంగతి తెలియక ఎవరో గీజర్ వేస్తారు. రాత్రంతా రావాల్సింది గంటన్నరలో అయిపోతుంది.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. అమ్మేవాడు కింద మెట్ల పక్కన చోటు చూపించాడట. వద్దన్నాను. మెట్లు ఏదైనా జరిగితే మనుషులు బయటపడే దారి. అంతకు మించి, అది సూరత్. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచింది. కింది అంతస్తులు నీళ్లపాలై జనం మేడల మీద రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. నది దాకా ఎందుకు, గట్టి వాన పడి మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. బ్యాటరీ అవసరమయ్యే రాత్రీ, కింది అంతస్తు మునిగే రాత్రీ ఒక్కటే అయ్యే ఊరది. కాబట్టి పై అంతస్తులో, ఎండ తగలని, గాలి ఆడే గోడకు పెట్టాలి, పడకగదిలో కాకుండా. వేడి బ్యాటరీకి శత్రువు. ట్యూబులర్ రకమైతే పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క.

ఈ లెక్క శాశ్వతం కాదు. కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలు సవరించి, ఎండ ఉన్న గంటల్లో కరెంటు చవకగా, డిమాండ్ ఎక్కువుండే గంటల్లో ఖరీదుగా ఉండాలని చెప్పింది. స్మార్ట్ మీటర్లతో పాటు ఆ ధరలు మీ ఇంటి బిల్లులోకి వచ్చినా, నెట్ మీటరింగ్‌లో యూనిట్‌కు యూనిట్ చెల్లు అన్న పద్ధతి మారినా, సాయంత్రానికి దాచిన కరెంటుకు విలువ పెరుగుతుంది. అప్పుడు ఇంకో పెట్టె తగిలించుకోవచ్చు. కొనేటప్పుడు అలా కలుపుకునే వీలున్న రకమా, కాదా అని అడిగితే చాలు. రేపటి ధరల కోసం ఇవాళే రెండో పెట్టె కొని ముసలిదాన్ని చేయడం తెలివి కాదు.

మీరూ ఇదే పనిలో ఉంటే, అమ్మేవాడిని పిలవకముందు ఒక వారం రెండు పనులు చేయండి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఒకసారి, తెల్లవారి లేవగానే ఒకసారి మీటర్ రీడింగ్ రాసుకోండి. పాళీలు మారే ఇల్లయితే రెండు వారాలు రాయండి. మీ రాత్రి ఎంత తింటుందో తెలుస్తుంది. తర్వాత ఆగకూడనివి ఏవో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చండి. మొదటి అంకె చూపించి మీకు పెద్ద బ్యాటరీ అమ్మాలని చూస్తారు. మీరు కొనాల్సింది రెండో అంకె ప్రకారం.

అన్న చివరికి ఒకటే మాట అడిగాడు. ‘‘గంతేనా తమ్మీ? బాపుకు సాల్తదా?’’ సాలుతుందో లేదో మాటల్లో నమ్మొద్దన్నాను. బిగించిన రోజు రాత్రి మెయిన్ స్విచ్ మీరే కట్టేసి, పక్కన సిలిండర్ పెట్టుకుని, తెల్లారే దాకా కూర్చుని చూడండి అన్నాను. రాత్రి పాళీలు చేసిన మనిషికి అదేం కష్టం కాదు.